లోపల వేసిన రంగు

పోయిన నెల ఒక మధ్యాహ్నం రాణిగంజ్‌లోని నా దుకాణంలో అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. పంపినతను పటాన్‌చెరు వైపు ఏదో మిల్లులో పనిచేసే కుర్ర ఇంజనీరు. ఫొటోలో ఇటుకంత లావు నల్లటి వస్తువు, దానికి రెండు రాగి నాలుకలు, వాటి మీద టోపీలా బోర్లించిన ఒక డబ్బా. "అంకుల్, ఈ డీసీ కాంటాక్టర్ ఎక్కడైనా దొరుకుతుందా? తయారుచేసిన కంపెనీ మూతబడిందట" అని కింద రాశాడు. ఇలాంటి ఫొటోలు నాకు వారానికి రెండు మూడు వస్తాయి. పాత యంత్రాలకు దొరకని భాగాలు వెతికి తెచ్చివ్వడమే ముప్పై ఏళ్ళుగా నా జీవనం. నా భార్య దీన్ని వ్యాపారంగా ఒప్పుకోదు, పోయినోళ్ళ సామాన్లు ఏరుకునే పని అంటుంది. ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తే పై డబ్బా లోపలి అంచున రంగు కనిపించింది. ఎవరో శ్రద్ధగా, కుంచె పోనిచోట కూడా పోనిచ్చి, తళతళలాడే సిల్వర్ పెయింట్ వేశారు. కాంటాక్టర్ సంగతి తర్వాత, ముందు ఆ డబ్బాను విప్పి లోపలి రంగంతా గీకించు, అప్పటిదాకా మెషిన్ నడపకు అని రాశాను. అతను ఒక బొటనవేలు బొమ్మ పంపాడు. కాసేపటికి, ఎందుకంకుల్ అని అడిగాడు.

దానికి నా దగ్గర తయారుగా ఒక కథ ఉంది. ఐటీఐ చదివి పనికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఎన్నోసార్లు చెప్పాను. కామారెడ్డి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఒక ముసలి మిస్త్రీ తుక్కు దుకాణం నుంచి పగిలిన కాంటాక్టర్ తెచ్చి బిగించాడనీ, అది పేలి చేయి కాల్చుకున్నాడనీ, పాత సామాను కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాలనీ. చెప్పే తీరు కూడా కుదిరింది, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు అలవాటే. ఆ రోజు అదే టైపు చేయబోయి సగంలో చెరిపేశాను. అన్నం అట్లాగే చల్లారిపోయింది. ఆ కథలో తుక్కు దుకాణం, చేయి కాలడం తప్ప మిగతాదంతా అబద్ధం. జరిగింది జరిగినట్టు ఒకసారైనా రాయాలని ఇప్పుడు కూర్చున్నాను.

ఎనభైల చివరి సంవత్సరాలు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే తోవలో, తాడ్వాయి దాటాక, ఒక ఖండసారి చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడక్కడ ప్లాట్లు చేసి రాళ్ళు పాతారు. మాది మాచారెడ్డి దగ్గర ఊరు, వ్యవసాయం. నేను డిప్లొమా పూర్తిచేసి, ఇరవై మూడేళ్ళకే ఆ ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌నయ్యాను. నా కింద ముగ్గురు మనుషులు, ఒక టెస్ట్ ల్యాంపు, నేను కొత్తగా కొనుక్కున్న రెండు జేబుల చొక్కాలు. ఫ్యాక్టరీలో కొత్తది ఏమైనా ఉంటే ఆ చొక్కాలే. యంత్రాలన్నీ బొంబాయిలో మూతపడ్డ ఒక మిల్లు నుంచి సేటు లారీల్లో వేయించి తెచ్చినవి. చెరుకును లోపలికి మోసుకుపోయే గొలుసుల పట్టా ఒకటుండేది, దాన్ని క్యారియర్ అనేవాళ్ళం. గానుగ తినగలిగినంతే చెరుకు అందించాలి గనుక దాని వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. అందుకని దానికి మామూలు కరెంటు మోటారు కాకుండా డీసీ మోటారు ఉండేది. ఆ మోటారుకు కరెంటు ఇచ్చేవీ ఆపేవీ ప్యానెల్ లోపలున్న నాలుగు పెద్ద కాంటాక్టర్లు. బటన్ నొక్కితే రాగి నాలుకలు రెండూ ఠాప్ మని కలుసుకుంటాయి, ఆపగానే విడిపోతాయి. చెప్పడానికి ఇంతే. ఆ ఠాప్ అనే చప్పుడు షెడ్డు అవతల టీ కొట్టు దాకా వినిపించేది. ఇప్పటికీ ఎక్కడో తలుపు గట్టిగా పడితే నా చేయి దానంతటది స్విచ్ కోసం లేస్తుంది.

యంత్రాలతోపాటే ఆ లారీల్లో వచ్చాడని మేం నవ్వుకునే మనిషి మా మిస్త్రీ. ఎల్లారెడ్డివాడు. యౌవనమంతా బొంబాయిలో ఆ మిల్లులోనే పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఊరికి తిరిగొస్తే, ఆరు నెలలకు యంత్రాలు కూడా అతని వెనకే వచ్చాయి. సేటు అడ్రసు కనుక్కొని ఇంటికి మనిషిని పంపి మరీ పనిలో పెట్టుకున్నాడు. అందరూ చాచా అనేవాళ్ళు, నేను కూడా. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన లుంగీలాంటి ముఖంతో ఉండేవాడు, నవ్వినప్పుడు మాత్రం ఆ ముఖం ఒక్కసారిగా నలిగిపోయేది. పొద్దున రాగానే ప్యానెల్ తలుపు తీసి, చెవి ఆనించి, పట్టా రెండుసార్లు నడిపించి ఆపించి, ఆ చప్పుడు విన్నాకే టీ తాగేవాడు. చాచాకు చాచీ ఎల్లారెడ్డిలో, చిన్న బీవీ ఈ ప్యానెల్లో ఉన్నారని గానుగ దగ్గరివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. పెద్దామె తిడుతది, ఈమె కాలుస్తది, తేడా గంతేనని అతను జవాబు చెప్పేవాడు. నలుగురిలో నన్ను 'సాబ్' అనేవాడు. వయసులో తన కొడుకంత ఉన్నా, డ్యూటీలో సూపర్‌వైజర్ సూపర్‌వైజరే అని అతని లెక్క. ఇద్దరమే ఉన్నప్పుడు మాత్రం 'బిడ్డా' అనేవాడు. నాకు కాలేజీలో నేర్పనిదంతా ఆ 'బిడ్డా' తోనే నేర్పాడు.

ఆ ఏడు వానకాలంలో నాలుగింటిలో ఒక కాంటాక్టర్ పని అయిపోయింది. రాగి నాలుకలు కాలి కాలి గుంటలు పడ్డాయి, లోపలి ఇనుప చట్రం పగుళ్ళిచ్చింది. మేనేజర్ బొంబాయి కంపెనీకి ఉత్తరం రాస్తే నెల తర్వాత జవాబు వచ్చింది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశామనీ, ప్యానెల్ మొత్తం మార్చుకోవడం మంచిదనీ. దసరాకు పట్టా నడిపి పూజ చేయాలి, ఆ తర్వాత కొన్ని వారాలకే చెరుకు బండ్లు వస్తాయి. నరికిన చెరుకు ఎండకు ఆగదు, రైతులు ఊరుకోరు. కామారెడ్డి బజారులో మామూలు ఏసీ కాంటాక్టర్లు ఎన్నయినా దొరుకుతాయి కదా, అంతకంటే పెద్దది ఒకటి తెచ్చి పెడదాం అన్నాను. చాచా నన్ను వర్క్‌షాప్‌కు పిలుచుకుపోయాడు. ఒక ఏసీ కాంటాక్టర్‌ను డీసీ లైనుకు కలిపి, నన్ను దూరంగా నిలబెట్టి, ఆపి చూపించాడు. రాగి ముక్కలు విడిపోయినా వాటి మధ్య మంట మాత్రం పోలేదు, కరెంటు దానిలోంచే పారుతోంది. నీలంగా, తాడులా సాగి, బుసకొడుతూ అట్లాగే నిలబడింది. లోహం కరిగి చుక్కలు రాలుతుంటే చాచా వెనక ఉన్న పెద్ద స్విచ్ గుంజి దాన్ని ఆపాడు.

"ఏసీ మంట దానంతటదే సస్తది బిడ్డా. డీసీది సావదు, మనమే సంపాలె. గందుకే నెత్తిమీద గా డబ్బ."

టోపీలాంటి ఆ డబ్బాను మేం ఆర్క్ డబ్బా అనేవాళ్ళం. సిమెంటు రేకులాంటి పదార్థంతో చేస్తారు, కరెంటు పారదు, కాలదు. విడిపోయేటప్పుడు పుట్టిన మంటను పక్కనున్న తీగచుట్ట ఆ డబ్బాలోకి తోస్తుంది. లోపలి సన్నటి సందుల్లో అది సాగి, చల్లబడి, తెగిపోతుంది. ఇదంతా ఆ రోజే నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఈ రోజు తప్పించుకోవడానికి నాకు వీల్లేదు.

నెల రోజులు ఇద్దరం తిరిగాం. నా జీవితంలో సంతోషంగా గడిచిన నెల ఏదంటే ఇప్పటికీ అదే చెప్తాను, అందుకే దాన్ని తలుచుకోవాలంటే భయం. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మోటార్లు చుట్టే దుకాణాలన్నీ అయిపోయాయి. సినిమా ప్రొజెక్టర్ దీపానికి డీసీ వాడతారని గుర్తొచ్చి ఒక టాకీసుకు పోతే, అక్కడ కనిపించింది అగ్గిపెట్టెంత వస్తువు. అదే మేం ఎత్తుకుపోతామేమోనని ఆపరేటర్ దానికి అడ్డంగా నిలబడి, మమ్మల్ని పంపించడానికి రెండు కుర్చీలు చూపించి సినిమా చూడమన్నాడు. చాచా పాటలకు నిద్రపోయి ఫైటింగులకు లేచాడు. బీబీపేటలో మూతపడ్డ ఒక నూనె మిల్లులో అచ్చం మా లాంటి ప్యానెల్ ఉందని ఎవరో చెప్తే బస్సెక్కి పోయాం. ప్యానెల్ ఉన్నమాట నిజమే. తలుపు తీస్తే కాంటాక్టర్లు ఉండాల్సిన అరలో ఒక కోడి గుడ్ల మీద కూర్చొని మమ్మల్ని కోపంగా చూసింది. చాచా దానికి సలాం చేసి తలుపు మెల్లగా మూశాడు. తిరుగు బస్సులో ఇద్దరం నవ్వీ నవ్వీ కండక్టరుతో తిట్లు తిన్నాం.

చివరికి అది ఎల్లారెడ్డిలోనే దొరికింది. చాచీ తమ్ముడికి అక్కడి బజారులో తుక్కు దుకాణం ఉండేది. ఎక్కడో కూలగొట్టిన మిల్లు సామాను కొన్నప్పుడు వచ్చిన ఇనుము మధ్య ఆ కాంటాక్టర్ పడి ఉంది. మాదానికంటే ఒక సైజు పెద్దదే, బిగించే రంధ్రాలు మాత్రం సరిపోయాయి. నల్లగా, జిడ్డుగా, ఒక పక్క తుప్పుతో, చూడ్డానికి అసహ్యంగా ఉంది. చాచా దాన్ని అక్కడే నేలమీద కూర్చొని విప్పాడు. ఆర్క్ డబ్బాను వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, కుండ కొనేటప్పుడు ఆడవాళ్ళు విన్నట్టు విన్నాడు. పగులు లేదు. బావ సంబరం చూసి ఆ తమ్ముడు, ఇన్నేండ్లకు నా దుకాణంల నీకు నచ్చింది ఒకటి దొరికింది, నా అక్కను ఇచ్చినప్పుడు గూడ గింత మురవలేదు అన్నాడు. ఆ మధ్యాహ్నం చాచీ వాళ్ళింట్లో ముగ్గురికీ కలిపి ఒకే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచింది. ఖట్టీ దాల్, ఎండబెట్టిన మాంసం వేపుడు. మాంసం తింటానో తిననో అని నా వైపు చూసి, మా అవ్వకు చెప్పనంటే తింటానని నేనంటే, ఎక్కువే వడ్డించింది. బావా బామ్మర్దీ ఒకరి పళ్ళెంలోంచి ఒకరు ముక్కలు తీసుకుంటూ తిన్నారు. ఇద్దరిలో ఎవరి నోట ఏ మాట మొదలైందో తెలియనట్టు మాట్లాడుకునేవాళ్ళు.

చాచా వారం రోజులు దాని మీద పనిచేశాడు. రాగి నాలుకలను ఆకురాయితో నున్నగా చేసి, స్ప్రింగులు మార్చి, బిగించి, యాభైసార్లు నడిపి ఆపి చూశాడు. మంట డబ్బాలోకి పోయి చప్పున తెగిపోయేది. నా చేత కూడా ఆపించాడు. ఆ రోజు నుంచి నడిచిందంతా నేను నా కళ్ళతో చూసినదే. ఆ కాంటాక్టర్ మంచిది. ఇది ఎవరైనా ఎక్కడైనా రాసి పెట్టుకోవాలని నా కోరిక.

దసరా దగ్గరపడింది. మా వైపు ఏ మిల్లులోనైనా దసరాకు ముందు వారం సిల్వర్ పెయింట్ పండుగ. బాయిలరు, పైపులు, చక్రాలు, నిచ్చెనలు, కుంచెకు అందిందల్లా వెండి రంగు తిరుగుతుంది. వాచ్‌మన్ స్టూలుకు వేశారు, అతను ఆరకముందే కూర్చున్నాడు. మేనేజర్ స్కూటర్ పక్కన నిలబెట్టిన డ్రమ్ములకు వేస్తూ స్కూటర్ స్టెప్నీకి కూడా వేశారు. పూజరోజు ప్రతి యంత్రానికీ పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ప్యానెల్‌కు నిమ్మకాయలు ఏరి తెచ్చేది ఎప్పుడూ చాచానే, మచ్చలేనివి అతనికి కనబడినట్టు ఇంకెవరికీ కనబడవు. ఆ ఏడు మాత్రం తల్లి బర్సీ, సంవత్సరీకం, ఉందని రెండు రోజులు ముందే ఎల్లారెడ్డికి పోతూ, పండుగనాటి మధ్యాహ్నానికి వస్తాననీ, తాను వచ్చి చూశాకే నడపమనీ చెప్పాడు. ప్యానెల్ తాళం చెవులు రెండే. ఒకటి అతని దగ్గర, ఒకటి నా దగ్గర.

"బొట్లు గిట్ల తలుపు మీదనే పెట్టుండ్రి. లోపట చెయ్యి పెట్టొద్దు బిడ్డా" అన్నాడు బస్సెక్కుతూ.

పండుగ ముందురోజు మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు నేను ప్యానెల్ తెరిచాను. మరునాడు సేటు వస్తున్నాడు, కొత్త కాంటాక్టర్ చూపించమంటాడు. దాన్ని వెతికింది మనమే అని చెప్పుకోవాలని నా ఆశ. మిగతా మూడింటి పక్కన అది కాలిన పెనంలా ఉంది. ఆర్క్ డబ్బా ఒక్క ఇత్తడి స్క్రూతో ఊడి వస్తుంది. దాన్ని విప్పాను. పెయింట్ డబ్బా మీద వేడికి తట్టుకుంటుందని రాసి ఉంది, అందుకని బయటా లోపలా, సన్నటి సందుల్లోకి కూడా, సైకిల్ చువ్వకు గుడ్డ చుట్టి మరీ వేశాను. ఎండలో ఆరబెట్టాను. బిగించాక దేవుడి గుళ్ళో వెండి కవచంలా మెరిసింది. సిల్వర్ పెయింట్ అంటే అల్యూమినియం పొడి. లోహం. మంటను చంపడానికి చేసిన గదికి గోడలన్నిటికీ నేను లోహం పూసి వచ్చాను. చాచా నేర్పినదాన్నీ నేను చేస్తున్నదాన్నీ పక్కపక్కన పెట్టి ఆ గంటసేపట్లో ఒక్కసారి కూడా చూడలేదు. తాళం వేసి, చేతులు కిరోసిన్‌తో కడుక్కొని, తృప్తిగా అన్నం తిన్నాను.

పండుగనాడు సేటు తొందరపడ్డాడు, ముహూర్తం దాటిపోతుందన్నాడు. చాచా ఇంకా రాలేదు. నేను మేనేజర్ వైపు చూశాను, మేనేజర్ నా వైపు చూశాడు, నేను బటన్ నొక్కాను. ఠాప్ మంది. పసుపు పూసిన మొదటి చెరుకు మోపు పట్టా మీద కదిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. నడవడం చూశాను, ఒక్కసారి కూడా ఆపి చూడలేదు. ఒక కూలీ పట్టా పక్కన నిలబడి చెరుకు సర్దుతున్నాడు. అతని ధోవతి చెంగు గొలుసులో పడింది. అతను అరిచేలోపే ఎవరో ఆపే తాడు గుంజారు. పట్టా ఆగలేదు. ప్యానెల్ తలుపు సందుల్లోంచి నీలం వెలుగు, తర్వాత తెలుపు, తర్వాత తలుపే విరుచుకుని తెరుచుకుంది. అప్పుడే గేటులోంచి వస్తున్న చాచా చేతిలో సంచితో కనిపించాడు. సంచి ఎప్పుడు పడేశాడో చూడలేదు. ఎనిమిది అడుగుల దూరంలో నేను నిలబడే ఉన్నాను, అతను నన్ను దాటుకొని పోయి, మంట పక్కనుంచి కుడిచేయి ప్యానెల్ లోపలికి పెట్టి అక్కడి పెద్ద స్విచ్ గుంజాడు. పట్టా ఆగింది. కూలీకి మోకాలి కింద చర్మం లేచిపోయింది, అంతే. చాచా మాత్రం చేతిని గాలిలో అట్లాగే పట్టుకుని, ఇంకా పొగలు కక్కుతున్న ఆ డబ్బా ముక్కల వైపు చూస్తూ నిలబడ్డాడు. వాటి లోపలి వైపు ఇంకా అక్కడక్కడా మెరుస్తూనే ఉంది.

అతన్ని జీపులో కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాక, ఆ ముక్కలన్నీ ఏరి బాయిలర్ పొయ్యిలో వేసింది నేను.

మరునాడు మేనేజర్ గదిలో నన్ను అడిగింది ఒక్కటే, ఏమై ఉంటుందని. పార్ట్ పాతది సార్, డబ్బా ముందే పగిలి ఉన్నట్టుంది అన్నాను. అది రాసిమ్మన్నాడు. కార్బన్ పెట్టి రెండు కాపీలు నా చేతి రాతతో రాసిచ్చాను. సంతకం కింద హోదా కూడా వేశాను. సాయంత్రం ఆసుపత్రికి పోయాను. చాచా కట్లు కట్టిన చేయి ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాడు, కుడి కన్ను మీద దూది. వార్డులో ఆ మూల మేమిద్దరమే ఉన్నాం.

"లోపట రంగు ఎవరేసిండ్రు సాబ్?" అన్నాడు.

పెయింటర్లు వేసి ఉంటారు చాచా, నాకు తెలియదు అన్నాను. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అతనికి తెలుసు. ఇద్దరమే ఉన్నా 'సాబ్' అన్నాడని నాకు గేటు దాటాక తట్టింది. అతను తలను గోడవైపు తిప్పుకున్నాడు.

మూడో అబద్ధం ఈ రెండింటికంటే నీచమైనది. వారానికి మేనేజర్ నన్ను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డి తుక్కు దుకాణానికి పోయాడు. బజారు నడుమ నిలబడి, పగిలిన సామాను అమ్మి మనుషుల ప్రాణాలు తీస్తావా అని గట్టిగా అరిచాడు. చుట్టూ మనుషులు చేరారు. చాచీ తమ్ముడు ముందు తెల్లబోయాడు, తర్వాత కోపంతో ముందుకొచ్చాడు. మా బావ ఈడనే కూసొని కొట్టి చూసిండు, పగుల్లేదు, ఈ సారు గూడ ఉండె అని నా వైపు వేలు చూపించాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను అన్నాను, "మీ బావనే చెప్పిండు, డబ్బ ముందుగాలనే పగిలుండె అని." నా మీది చూపులు పక్కకు పోవాలని అన్నాను. పోయాయి. అతని ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చి కూర్చుంది. దాని పేరు నాకు అప్పుడు తెలియలేదు.

ఫ్యాక్టరీ చాచాను మళ్ళీ పిలవలేదు. రెండు వేళ్ళు అతుక్కుపోయాయనీ, కుడి కంటికి మసకేననీ, బస్టాండు దగ్గర చిన్న బల్ల వేసుకుని ఎడమచేత్తో ఫ్యాన్లు బాగుచేస్తున్నాడనీ, తుక్కుసామాను మిస్త్రీ అని ఎవరూ మోటారు పని ఇవ్వడం లేదనీ వింటుండేవాణ్ణి. బావా బామ్మర్దుల మధ్య మాటలు పోయాయని కూడా విన్నాను. చాచా రెండుసార్లు దుకాణానికి పోయి, తాను గామాట అనలేదని చెప్పి చూశాడట, చాచీ తమ్ముడు నమ్మలేదట. నేను ఏడాదిలోపే ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చాను. చాచా నేర్పిన పనితోనే దుకాణం పెట్టాను, పిల్లల్ని చదివించాను. ఆయన పోయాడని ఎల్లారెడ్డి నుంచి సామానుకు వచ్చిన ఒకతను చెప్పినప్పుడు, అయ్యో అని, రసీదు రాయడం కొనసాగించాను. అప్పటికి ఆ దసరా గడిచి ఇరవై రెండేళ్ళు.

ఆ ఫొటో వచ్చిన మూడో రోజు కామారెడ్డిలో దిగి ఎల్లారెడ్డి బస్సెక్కాను. చాచీ అదే గల్లీలో, ఇంకా చిన్న ఇంట్లో ఉంది. వాకిట్లో కూర్చొని చిన్న కత్తితో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు. చెప్పుకున్నాక, ఎండిన మాంసం ఎక్కువ తిన్న పిలగానివి కదా అంది. నిలబడే మొత్తం చెప్పాను, రంగు దగ్గర్నుంచి బజారు దాకా. ఆమె చేతిలో పని ఆపలేదు. నేను ఏడుస్తున్నానని చూసి కూడా ఆపలేదు. అయిపోయాక కత్తి పక్కన పెట్టింది.

"నాకు చెప్తే ఏం ఫాయిదా బేటా. నేను ఆయన మాటనే నమ్మిన. నమ్మనోడు బజార్ల కూసున్నడు. గాడికి పో."

దుకాణం పెద్దదైంది. కొడుకులు పాత కూలర్లు విప్పుతున్నారు, ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళు ఉన్నారు. చాచీ తమ్ముడు తెల్లటి గడ్డంతో తక్కెడ పక్కన కుర్చీలో ఉన్నాడు. లోపలికి రమ్మన్నాడు, నేను రోడ్డు మీదే నిలబడి, ఆనాడు ఎక్కడ నిలబడి ఆ మాట అన్నానో దాదాపు అక్కడే, అందరికీ వినబడేలా చెప్పాను. సామాను మంచిది. పగుల్లేదు. లోపల రంగు వేసింది నేను. మీ బావ మీ మీద ఏమీ చెప్పలేదు. కొడుకులు పని ఆపేశారు. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

"బావ అనలేదా గామాట?"

"అనలేదు. నేనే అన్న."

కొడుకుల వైపు గానీ నా వైపు గానీ చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ అన్నాడు: "ఆయన మయ్యత్ గీ తొవ్వనే పోయింది. నేను షట్టర్ కిందికి గుంజి లోపట కూసున్న. భుజం ఇయ్యలే."

పెద్ద కొడుకు ఏదో అనబోతే చేయెత్తి ఆపాడు. లేచి, చెప్పులు వేసుకుని, ఎండలోకి నడిచాడు. మోకాళ్ళ నొప్పులున్నట్టుంది, మెల్లగా నడుస్తున్నాడు. నేను వెనకే పోయాను. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. ఊరి చివర ఖబరస్తాన్ గేటు దగ్గర మాత్రం ఆగి, మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"నువ్వు ఈడనే ఉండు" అన్నాడు.

ఉన్నాను. గోడ తక్కువ ఎత్తు, లోపల తుమ్మచెట్ల మధ్య ఆయన వంగి ఒక రాయి దగ్గర కూర్చోవడం కనిపించింది. పెదవులు కదులుతున్నాయి. దువా చదువుతున్నాడో, బావతో మాట్లాడుతున్నాడో అంత దూరం నుంచి తెలియదు. నేను ఆనాడు బజారులో ఆ ఒక్క మాట అనడానికి పట్టిన సమయం, బస్సు మెట్టు మీద కాలు పెట్టినంత. ఆ ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన ఇరవై రెండేళ్ళు అందులోనే అయిపోయాయి.